పొగలేని బట్టీలో సెలడాన్

సెలడాన్ అంటే ఇనుము వల్ల ఆకుపచ్చ రంగు పొందిన గ్లేజు, అంటే పాత్ర మీద కరిగి నిలిచిన గాజుపూత. చైనాలో పుట్టి కొరియా, జపాన్, వియత్నాం, థాయ్‌లాండ్‌లకు పాకింది. ఆలివ్ పచ్చ నుంచి లేత సముద్రపు నీలం దాకా దీనికి ఎన్నో ఛాయలున్నాయి. చెక్కిన గీతల్లో చిక్కగా నిలుస్తుంది, అంచుల మీద పలచబడి కింది మట్టిని చూపిస్తుంది. చూపు పైపైన ఆగిపోకుండా లోపలికి దిగుతున్నట్టు అనిపించే లోతు ఈ గ్లేజు అసలు గుణం. రంగుకు కావలసిన ఇనుము ఆక్సైడు మాత్రం చాలా తక్కువ, నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు. ఆ కాస్త ఇనుమూ ఎలాంటి గాలిలో కాలిందన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది. బట్టీలోకి గాలి ధారాళంగా వస్తే గ్లేజు తేనెరంగుకో ఎండుగడ్డి పసుపుకో తిరుగుతుంది. గాలి తగ్గి మంట పొగబారితే ఆకుపచ్చ వస్తుంది.

కారణం సులభమే. ధారాళమైన గాలిలో ఇనుము ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. అది గాజులో పసుపు, గోధుమ రంగులిస్తుంది. గాలి చాలని మంటలో కట్టె పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. అది తనకు తక్కువైన ఆక్సిజన్‌ను ఇనుము ఆక్సైడు నుంచి లాక్కుంటుంది. ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారి గాజుకు నీలిపచ్చ రంగునిస్తుంది. మొదటి పద్ధతి ఆక్సీకరణం, రెండోది క్షయకరణం. క్షయకరణం సరైన వేళకు మొదలు కావాలి. గ్లేజు ఇంకా పొడిపొడిగా ఉన్నప్పుడే, సుమారు 900 నుంచి 1000 డిగ్రీల మధ్య, పొగ లోపలికి చొరబడాలి. గ్లేజు కరిగి పాత్రను మూసేశాక ఎంత పొగపెట్టినా లోపలి ఇనుముకు అందేది స్వల్పం.

20వ శతాబ్దంలో వచ్చిన కరెంటు బట్టీలో మంటా లేదు, పొగా లేదు. మొదటి నుంచి చివరిదాకా మామూలు గాలే. ఆ గాలిలో, అదీ పాత చైనా బట్టీల కన్నా తక్కువ వేడిలో, సెలడాన్ లాంటి గ్లేజు తెచ్చుకోవడం ఆధునిక కుమ్మరులు తలకెత్తుకున్న పని. అయితే గాలితో పేచీ వాళ్లతో మొదలు కాలేదు. సెలడాన్ చరిత్ర పొడవునా అది ఉంది.

చైనాలో షాంగ్ రాజవంశం కాలానికే, అంటే క్రీస్తుకు వెయ్యేళ్లకు పైగా పూర్వమే, 1200 డిగ్రీల దరిదాపుల్లో కాల్చిన గ్లేజు పాత్రలున్నాయి. కట్టెలతో కాల్చే బట్టీలో బూడిద ఎగిరి పాత్రల భుజాల మీద పడుతుంది. బూడిదలోని సున్నం మట్టిలోని సిలికాను కరిగించి గాజు చేస్తుంది. దీన్ని గమనించిన కుమ్మరులు ఆ తరువాత బూడిదను, మట్టిని నీళ్లలో కలిపి తామే పూయసాగారు. ఆ తొలి పూతలు పలచనివి, చారలు కట్టేవి, గోధుమ పసుపు కలిసినవి. తూర్పు హాన్ కాలానికి (క్రీ.శ. 25–220) జెజియాంగ్ ప్రాంతంలోని షాంగ్యు పరిసరాల్లో గ్లేజు పాత్రకు గట్టిగా పట్టి, నునుపుగా, నిజమైన పచ్చదనంతో రావడం మొదలైంది. చరిత్రకారులు పరిణత సెలడాన్‌ను ఇక్కడి నుంచి లెక్కిస్తారు.

అక్కడి నుంచే యుయె పాత్రలు ఎదిగాయి. 8వ శతాబ్దంలో టీ గురించి తొలి గ్రంథం రాసిన లూ యూ, టీ గిన్నెల్లో యుయె గిన్నెకు అగ్రస్థానం ఇచ్చాడు. ఉత్తరాది తెల్ల గిన్నెలో టీ ఎర్రగా కనిపిస్తుందనీ, యుయె గిన్నెలో పచ్చగా కనిపిస్తుందనీ ఆయన వాదన. రాజాస్థానానికి వెళ్లే మేలైన యుయె పాత్రలకు రహస్య వర్ణమనే పేరుండేది. ఆ వర్ణం ఎలా ఉండేదన్నది శతాబ్దాల పాటు ఊహాగానమే. 1987లో షాన్షీ ప్రాంతంలోని ఫామెన్ ఆలయ నేలమాళిగ తెరుచుకుంది. 874లో మూసేసిన ఆ గదిలో పాత్రలతో పాటు వాటి జాబితా చెక్కిన శిలాఫలకం కూడా ఉండటంతో సందేహం తీరింది. అయితే అక్కడ దొరికిన పాత్రలన్నీ ఒకే రంగులో లేవు. కొన్ని బూడిదపచ్చ, కొన్ని పసుపు ఛాయలో ఉన్నాయి. రాజుగారి బట్టీలోనూ గాలి పూర్తిగా మాట వినలేదన్నమాట. మ్యూజియంలలో కనిపించే యుయె పాత్రల్లో చాలావాటికి ఆ పసుపు జీర ఉంటుంది. కరెంటు బట్టీలో కాల్చిన గ్లేజును చూసి ఇది సెలడాన్ కాదని కొట్టిపారేసేవాళ్లు ఈ పాత్రల ముందు కాసేపు నిలబడాలి.

ఉత్తరాన, నేటి తోంగ్‌చువాన్ దగ్గరి యావ్‌జౌ బట్టీలు ఉత్తర సోంగ్ రాజవంశ కాలంలో కట్టెల నుంచి బొగ్గుకు మారాయి. నేలబొగ్గు మంట పొట్టిది. కట్టె మంటలాగా బట్టీ అంతా పొడవుగా పాకదు. బట్టీ చల్లారడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఆలోపు గాలి గ్లేజును మళ్లీ తాకుతుంది. ఉత్తరాది మట్టిలో టైటానియం కూడా ఎక్కువ. ఫెర్రస్ ఇనుము పక్కన టైటానియం ఉంటే నీలం తగ్గి పసుపుపచ్చ పెరుగుతుంది. ఈ రెండూ కలిసి యావ్‌జౌకు ఆలివ్ పచ్చను ఇచ్చాయి. అక్కడి పనివాళ్లు తమ బలం రంగులో కన్నా చెక్కడంలో ఉందని గ్రహించినట్టుంది. తామర, పియోని పూలను ఏటవాలుగా, లోతుగా చెక్కి, గ్లేజు పల్లాల్లోకి చేరి నల్లపచ్చగా, గట్ల మీద లేతగా నిలిచేలా చేశారు. ఒకే గ్లేజు నుంచి పది ఛాయలు పుట్టించే ఈ ఉపాయం తొమ్మిది వందల ఏళ్ల తరువాత కరెంటు బట్టీవాళ్లకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది.

రూ పాత్రలది వేరే దారి. చెక్కడాలు దాదాపు లేవు, ఆకారాలు నిరాడంబరం, రంగు వాన వెలిసిన ఆకాశపు నీలిపచ్చ. 11వ శతాబ్దం చివర, 12వ శతాబ్దం మొదట్లో కొన్ని దశాబ్దాలు మాత్రమే ఉత్తర సోంగ్ ఆస్థానం కోసం వీటిని కాల్చారు. బట్టీ ఆచూకీ 1980లలో హెనాన్ ప్రాంతం, బావ్‌ఫెంగ్ జిల్లా చింగ్‌లియాంగ్‌స గ్రామంలో దొరికింది. ప్రపంచంలో మిగిలినవి వందలోపే. 2017లో హాంకాంగ్ వేలంలో పదమూడు సెంటీమీటర్ల వెడల్పున్న ఒక చిన్న కుంచె కడిగే గిన్నె 29.43 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పోయింది. రూ గ్లేజులో అగేట్ రాయి కలిపేవారని సోంగ్ కాలపు రచనల్లో ఉంది. అగేట్ అంటే సిలికాయే కనుక పలుగురాయి పొడి చేసే పనికన్నా అది చేసేది ఎక్కువ ఉండదు. రంగు రహస్యం ఇనుములో, అతి తక్కువ టైటానియంలో, పొగను నడిపిన చేతిలో ఉంది. గ్లేజు లోపలి సన్నని బుడగలు, పుట్టి మిగిలిన సూక్ష్మ స్ఫటికాలు వెలుతురును చెదరగొట్టి ఆ మెత్తదనాన్ని ఇచ్చాయి.

ఆ మెత్తదనాన్ని పద్ధతిగా సాధించినవాళ్లు జెజియాంగ్ నైరుతి కొండల్లోని లాంగ్‌చువాన్ కుమ్మరులు. 1127లో సోంగ్ రాజధాని ఉత్తరాన పడిపోయి ఆస్థానం దక్షిణాదికి తరలింది. హాంగ్‌జౌ కొత్త రాజధాని అయింది. అక్కడి రాచబట్టీల అభిరుచి, ఉత్తరాది గ్లేజుల పరిజ్ఞానం దక్షిణాది బట్టీలకూ అందాయి. అంతదాకా అక్కడి గ్లేజు సున్నం ఎక్కువైన పాత తరహాది. సున్నం గ్లేజు కరిగిందంటే నీళ్లలా జారుతుంది, మందంగా పూస్తే పాత్ర అడుగుకు కారిపోతుంది. లాంగ్‌చువాన్‌లో సున్నం తగ్గి పొటాషియం లవణాలు పెరిగాయి. గ్లేజు కరిగినా చిక్కగా, కదలకుండా నిలిచింది. దాంతో పాత్రను ముందు ఒకసారి తక్కువ వేడిలో కాల్చి, గ్లేజు పొర మీద పొర పూసి, ఒక్కోసారి పాత్ర గోడకన్నా మందంగా తేవడం సాధ్యమైంది. మందపు గ్లేజులో లక్షల బుడగలు చిక్కుకుంటాయి. వెలుతురు వాటి మధ్య తిరిగి తిరిగి బయటికొస్తుంది. పచ్చరాయిని తలపించే ఆ నిగారింపుకు మూలం అదే. పాత్ర మట్టిలోనూ గ్లేజులోనూ ఇనుమున్న ఎర్రమట్టిని కొలతగా కలిపేవారు. పండని ప్లమ్ కాయ పచ్చ, వెన్నెల లాంటి పొడినీలిపచ్చ ఈ బట్టీల పేరుపడ్డ రంగులు.

వాళ్ల బట్టీలు కొండవాలు మీద పదుల మీటర్ల పొడవున పాకే సొరంగాలు. మంట కింది నోటి నుంచి పైకి పాకుతుంది. పక్క కన్నాల నుంచి దశలవారీగా కట్టె వేస్తారు. ఒక్క విడతకు వేల పాత్రలు కాలుతాయి. అన్ని వేల పాత్రలకు ఒకే గాలి అందదు. కింది వరుసలది ఒక రంగు, పై వరుసలది ఒక రంగు. ఆక్సీకరణానికి గురై పసుపు బియ్యపు ఛాయకు తిరిగిన దక్షిణ సోంగ్ పాత్రలు కొన్ని జపాన్ చేరాయి. అక్కడివాళ్లు వాటిని చెడిపోయినవిగా చూడక, వేరొక అందంగా పేరుపెట్టి భద్రపరిచారు.

లాంగ్‌చువాన్ సరుకు ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఒక్క ఓడ చాలు. 1323లో చైనా నుంచి జపాన్‌కు బయలుదేరి కొరియా తీరాన సినాన్ దగ్గర మునిగిన ఓడ 1970లలో దొరికింది. అందులో ఇరవై వేలకు పైగా పింగాణీ, మట్టిపాత్రలుంటే సగానికి మించి సెలడాన్‌వే. పడమటి దారిలో ఇవే పాత్రలు మనదేశపు రేవులకూ వచ్చాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు రక్షణ ప్రకటిస్తూ అభయశాసనం వేయించిన మోటుపల్లిలో చైనా పాత్రల పెంకులు బయటపడ్డాయి. ఢిల్లీ సుల్తానుల కోటలోనూ, ఇస్తాంబుల్ తోప్‌కాపీ రాజప్రాసాదంలోనూ సెలడాన్ పళ్లేలు చేరాయి. విషం కలిసిన అన్నం వడ్డిస్తే ఈ పళ్లెం రంగు మారుతుందని, పగులుతుందని పశ్చిమాసియా నుంచి దక్కను దాకా దర్బారుల్లో నమ్మేవారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా గదుల్లో అలాంటి పాత్రలను చూడవచ్చు. విషం గురించిన నమ్మకానికి ఆధారం లేదు. గ్లేజు గాజు కాబట్టి విషానికి స్పందించే గుణం దానికి ఉండదు. పాత్ర ధర పెరగడానికి మాత్రం ఆ నమ్మకం తోడ్పడింది.

కొరియాలో గోర్యో రాజ్యం 10వ శతాబ్దంలో యుయె పద్ధతులను అందుకుని గాంగ్‌జిన్, బుఆన్ బట్టీలలో తనదైన నీలిబూడిదపచ్చను సాధించింది. 1123లో అక్కడికి వెళ్లిన సోంగ్ రాయబార బృందంలోని షూ జింగ్ ఆ పాత్రలను మెచ్చుకుంటూ రాశాడు. చైనా వాడే స్వయంగా మెచ్చుకోవడం చిన్న విషయం కాదు. మట్టిలో చెక్కిన గీతలను తెల్లమట్టితో, ఎర్రమట్టితో పూరించి పైన పలచని సెలడాన్ పూసే సంగామ్ పద్ధతి 12వ శతాబ్దంలో అక్కడే వికసించింది. తెల్లమట్టి తెల్లగా నిలిచి, ఎర్రమట్టి పొగలో నల్లబడి, కొంగలు, మేఘాలు గ్లేజు కింద తేలుతుంటాయి. 13వ శతాబ్దపు మంగోలు దండయాత్రల తరువాత ఆ కళ క్రమంగా మొరటుబారింది. చైనాలోనూ మింగ్ కాలానికి నీలి–తెలుపు పింగాణీ అంగడిని ఆక్రమించింది.

యూరప్ ఈ రంగును చాలాకాలం కంటితో ఎరిగింది కాని చేతితో ఎరగలేదు. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లోని సేవ్ర్ పింగాణీ కర్మాగారంలో ఎబెల్మెన్, సాల్వెతా అనే రసాయన శాస్త్రజ్ఞులు చైనా నుంచి తెప్పించిన మట్టి, రాళ్లు, గ్లేజులను విశ్లేషించారు. బెర్లిన్‌లో హెర్మన్ సేగర్ గ్లేజులను అణువుల లెక్కలో రాసే పద్ధతిని స్థిరపరిచాడు. ఆయన 1886లో ప్రవేశపెట్టిన కోన్‌లు ఈ చరిత్రకు మరింత దగ్గరివి. ఖనిజాల మిశ్రమంతో చేసిన చిన్న శంకువు ఒక నిర్ణీత వేడికీ కాలానికీ మెత్తబడి వంగుతుంది. అది వంగిందంటే పక్కనున్న పాత్ర ఎంత కాలిందో తెలుస్తుంది. అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ 1896లో వాటి తయారీ మొదలుపెట్టాడు. ఆర్టన్ లెక్కలో కోన్ 10 అంటే సుమారు 1285 నుంచి 1305 డిగ్రీలు; కోన్ 6 అంటే సుమారు 1220 నుంచి 1240. మధ్యస్థ వేడి అని కుమ్మరులు చెప్పేది ఈ కోన్ 5, 6 ప్రాంతాన్నే.

ఇంగ్లండ్‌లో బెర్నార్డ్ లీచ్ జపాన్‌లో నేర్చుకుని 1920లో సెయింట్ ఐవ్స్‌లో బట్టీ కట్టాడు. 1940లో ఆయన అచ్చువేసిన కుమ్మరి పుస్తకం ఒక తరాన్ని తీర్చిదిద్దింది. ఎక్కువ వేడి, క్షయకరణం, తూర్పు ఆసియా గ్లేజులు వీటితోనే మంచి పాత్ర పుడుతుందన్న అభిప్రాయం ఇంగ్లండ్, అమెరికా స్టూడియోల్లో వేళ్లూనింది. గాలి ధారాళంగా ఆడే బట్టీది నిర్జీవమైన రంగని ఈసడించేవారు. ఆ అభిప్రాయం సగమే నిజం. లండన్‌లో లూసీ రీ తన చిన్న వర్క్‌షాపులో కరెంటు బట్టీతోనే 1250 డిగ్రీల దరిదాపుల్లో స్టోన్‌వేర్ అనే గట్టి మట్టిపాత్రలు కాల్చి, 20వ శతాబ్దపు మేటి పాత్రల్లో కొన్నిటిని తీసింది. ఆమె సెలడాన్‌ను అనుకరించలేదు. ఆక్సీకరణానికి దాని భాష దానికుందని చూపించింది.

కరెంటు బట్టీ ఆ వేడిని తట్టుకోవడం వెనక స్వీడన్‌లో తయారైన ఒక లోహం ఉంది. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కంథాల్ తీగ 1930లలో అంగట్లోకి వచ్చింది. వేడెక్కినప్పుడు తీగ మీద అల్యూమినియం ఆక్సైడు పలచని పొరగా ఏర్పడి దాన్ని కాపాడుతుంది. బట్టీలో కట్టెముక్కలో బొగ్గో వేసి పొగ పుట్టిస్తే ఆ పొర పాడై తీగల ఆయుష్షు తరుగుతుంది. అదీకాక ఇళ్లల్లో, బళ్లల్లో నడిచే బట్టీ నుంచి కార్బన్ మోనాక్సైడు వెలువడటం ప్రాణాంతకం. ఈ రెండు కారణాల వల్లే కరెంటు బట్టీలో దొంగచాటు క్షయకరణం నిలబడలేదు. 1973 చమురు సంక్షోభంతో ఇంధనం ధర పెరిగాక అమెరికా స్టూడియోలూ కళాశాలలూ కోన్ 10 నుంచి కోన్ 6కు దిగసాగాయి. బట్టీ తీగలు ఎక్కువకాలం మన్నాయి, కరెంటు ఖర్చు తగ్గింది. పాత గ్లేజులు మాత్రం ఆ వేడిలో కరగలేదు.

సంప్రదాయ సెలడాన్‌కు ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, సున్నపురాయి, కేయొలిన్ మట్టి చాలు. కోన్ 10 వేడి వాటిని కరిగిస్తుంది. కోన్ 6లో ఆ వంటకానికి బోరాన్ తోడు కావాలి. బోరాన్ తానే గాజును కట్టే పదార్థం, తక్కువ వేడిలో కరుగుతుంది. అయితే బోరాన్ ఉండే బోరాక్స్ నీళ్లలో కరిగిపోతుంది కనుక, దాన్ని సిలికాతో కలిపి ముందే గాజుగా కరిగించి పొడిచేసిన ఫ్రిట్‌ను వాడతారు. అమెరికా కుమ్మరులు కాలిఫోర్నియా ఎడారి గనిలో దొరికే గెర్స్ట్‌లీ బొరేట్ అనే ఖనిజాన్ని దశాబ్దాల పాటు ఇష్టపడ్డారు. 2000 ప్రాంతంలో ఆ గని మూతపడటంతో గ్లేజు లెక్కలన్నీ తిరగరాసుకోవలసి వచ్చింది. బోరాన్ ఎక్కువైన గ్లేజులో గాజు రెండు ద్రవాలుగా విడిపోయి పాలనీలపు మబ్బు పట్టడం కద్దు. స్వచ్ఛమైన గ్లేజు కావాలనుకున్నవాళ్లకు అది దోషం. లాంగ్‌చువాన్ మెత్తదనం కోరేవాళ్లకు అదే ఆసరా. చైనా జున్ పాత్రల నీలపు మబ్బుకూ ఇదే రకమైన విడిపోవడం కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఇక రంగు. ఆక్సీకరణంలో ఇనుము పచ్చను ఇవ్వదు కాబట్టి వేరే లోహాల నుంచి అరువు తెచ్చుకోవడం మొదటి దారి. మొదట చేతికి తగిలింది రాగి. నూటికి అరపాలు నుంచి ఒక పాలు రాగి కార్బొనేటు గాజులో పూర్తిగా కరిగి పారదర్శకమైన ఆకుపచ్చను ఇస్తుంది. సోడియం, పొటాషియం మరీ ఎక్కువైతే ఫిరోజా నీలానికి తిరుగుతుంది. కేవలం రాగితో వచ్చే పచ్చ మిఠాయి రంగులా గట్టిగా అనిపిస్తుంది. అందులో అర నుంచి ఒక పాలు ఇనుము ఆక్సైడు వేస్తే పసుపు కలిసి చల్లబడుతుంది. యావ్‌జౌ ఆలివ్‌కు, యుయె బూడిదపచ్చకు దగ్గరగా వెళ్లే దారి ఇదే. ఆక్సీకరణంలో ఈ పసుపుపచ్చలు సులువు, రూ నీలిపచ్చ కష్టం. చాలామంది మొదటి నుంచే ఆకాశనీలం వెంటపడి నిరాశపడతారు. చరిత్రలో ముందు వచ్చిన రంగును ముందు పట్టుకోవడం తెలివైన పని. రాగితో ఇంకో చిక్కుంది. గ్లేజులో సిలికా, అల్యూమినా చాలకపోతే పుల్లటి పదార్థాలు తగిలినప్పుడు రాగి కొద్దికొద్దిగా ఊరి ఆహారంలోకి దిగుతుంది. అందుకే తినే పాత్రల మీద పూసే ముందు కాల్చిన నమూనా బిళ్లను వెనిగర్‌లో నానబెట్టి రంగు వెలిసిందా అని చూస్తారు. ఆ పరీక్షలో నెగ్గినా, అమ్మే సరుకైతే ప్రయోగశాలకు పంపడమే పద్ధతి.

క్రోమియం ఇంకా బలమైనది. నూటికి ఒక పాలులో పదోవంతు నుంచి ఐదోవంతు వేసినా చాలు, రంగు నిండిపోతుంది. కాని మందమైన, మొద్దుబారిన ఆకుపచ్చ అది. గ్లేజులో జింకు ఉంటే గోధుమకు తిరుగుతుంది, పక్క పాత్రలో టిన్ను ఉంటే ఆవిరిగా వెళ్లి దాన్ని గులాబీ చేస్తుంది. కోబాల్టు పిసరంత కలిపితే నీలపు వైపు లాగవచ్చు. ఈ మూడింటినీ ఇనుముతో కలిపి చెంచాడు చెంచాడుగా మార్చుకుంటూ వరుస బిళ్లలు కాల్చడంతోనే చాలామంది కుమ్మరుల ఏళ్లు గడిచాయి.

రెండో దారి క్షయకరణాన్ని బట్టీలో కాక గ్లేజు లోపలే పుట్టించడం. 1890లలో అమెరికాలో సాన రాయి కోసం తయారైన సిలికాన్ కార్బైడు గ్లేజులో కరుగుతున్నప్పుడు చుట్టూ ఉన్న ఆక్సైడుల నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఆర్థర్ బ్యాగ్స్, ఎడ్గర్ లిటిల్‌ఫీల్డ్ 1932లో ఈ ఉపాయంతో ఆక్సీకరణ బట్టీలో రాగి ఎరుపు తెచ్చిన తీరును ప్రచురించారు. తరువాతివాళ్లు అదే ఉపాయాన్ని ఇనుము మీదికి మళ్లించారు. నూటికి అరపాలు లోపు, అత్యంత మెత్తని పొడి. ముతక పొడి వాడితే వాయువులు పొంగి గ్లేజు మీద గుంటలు పడతాయి. లూసీ రీ ఆ గుంటలనే కోరి, సిలికాన్ కార్బైడుతో అగ్నిపర్వతపు రాయి లాంటి పాత్రలు చేసింది. సెలడాన్ కోరేవాళ్లకు అవి శత్రువులు. రాగితో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఇనుముతో వచ్చేది ఎక్కువగా బూడిద కలిసిన పచ్చ, చల్లారేటప్పుడు పైపొర మళ్లీ పసుపెక్కుతుంది. సిసలైన ఫెర్రస్ ఇనుము పచ్చ కాబట్టి దీని మీద మమకారం ఇంకా ఉంది. నిత్యం నడిచే వర్క్‌షాపుకు మాత్రం ఇది నమ్మదగిన దారి కాదు.

మూడో దారి రంగుపొడులది. పలకలు, బాత్‌రూం సామాను తయారుచేసే పరిశ్రమ కోసం 1948 ప్రాంతంలో జిర్కాన్ స్ఫటికంలో వెనేడియం ఇమిడిన నీలం, ఆ తరువాత ప్రసియోడిమియం ఇమిడిన పసుపు వచ్చాయి. స్ఫటికం లోపల రంగు లోహం బందీ అయి ఉంటుంది కనుక వేడికీ గాలికీ చలించదు. నీలం, పసుపు, చిటికెడు బూడిదరంగు కలిపితే ఏ లాంగ్‌చువాన్ ఛాయకైనా దగ్గరగా వెళ్లవచ్చు, ప్రతి విడతలోనూ అదే రంగు వస్తుంది. లోపం వేరే చోటుంది. ఈ రేణువులు గాజులో కరగవు, తేలుతూ ఉంటాయి. నూటికి మూడు నాలుగు పాళ్లు దాటితే గ్లేజు రంగు వేసిన గోడలా మూసుకుపోతుంది. సెలడాన్‌లో రంగు గాజంతా కరిగిన అయాన్‌లది; వెలుతురు అడ్డం లేకుండా లోపలికి వెళ్లి వస్తుంది. కాబట్టి అనుభవజ్ఞులు రంగుపొడిని ఒక పాలుకు మించనీయరు. కరిగే రాగి, ఇనుములతో అడుగు రంగు వేసి, పొడితో ఛాయ మాత్రమే దిద్దుతారు.

రంగు కుదిరాక కూడా గ్లేజు సెలడాన్‌లా కనిపించకపోవడం ఎక్కువమందికి ఎదురయ్యే సమస్య. కారణం దాదాపు ఎప్పుడూ మందమూ మట్టీ. క్షయకరణంలో బూడిదబారే మట్టి ఆక్సీకరణంలో పసుపు లేదా ఎర్రగోధుమకు తిరిగి పై పచ్చను మురికిచేస్తుంది. తెల్లని పింగాణీ మట్టి, లేదా తెల్లమట్టి పూత వేసిన పాత్ర మీదే పలచని పచ్చ తేటగా కనిపిస్తుంది. గ్లేజు మామూలు పూతకు రెండింతలు, మూడింతలు మందంగా ఉండాలి. అంత మందం జారకుండా నిలవాలంటే లాంగ్‌చువాన్‌వాళ్లు చేసినట్టే అల్యూమినా, పొటాషియం పెంచి గ్లేజును చిక్కబరచాలి. బోరాన్ గ్లేజులు సహజంగా పలచగా పారేవి కనుక ఇక్కడ నేర్పు కావాలి. బుడగలు పూర్తిగా తేలిపోకముందే వేడిని ఆపితే ఆ బుడగలే పాలతనాన్ని ఇస్తాయి. మరీ ముందు ఆపితే సూదిబెజ్జాలు మిగులుతాయి. చెక్కడం మాత్రం ఎవరినీ మోసం చేయదు. యావ్‌జౌ పనివాళ్ల ఏటవాలు కత్తి తెల్లమట్టి మీద నడిస్తే, రాగి పచ్చ అయినా రంగుపొడి పచ్చ అయినా పల్లాల్లో చిక్కబడి, గట్ల మీద తెల్లబడి సెలడాన్ లక్షణాన్ని సంతరించుకుంటుంది.

21వ శతాబ్దంలో ఈ పరిజ్ఞానం పుస్తకాల్లోకి, ఆ తరువాత సీసాల్లోకి చేరింది. కోన్ 6 గ్లేజుల మన్నికను లెక్కకట్టిన హెసెల్‌బర్త్, రాయ్‌ల పుస్తకం 2002లో వచ్చింది. అమెరికన్ కంపెనీలు కోన్ 5–6 ఆక్సీకరణానికే తయారుచేసిన సెలడాన్ వరుసలను డబ్బాల్లో అమ్ముతున్నాయి. లాంగ్‌చువాన్‌లో పాత పద్ధతి నిలిచే ఉంది. 2009లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ రోజువారీ సరుకు ఎక్కువగా గ్యాసు బట్టీల్లో కాలుతుంది. పొగను మీటరుతో కొలుస్తారు.

కరెంటు బట్టీకి అందనిది ఒకటుంది. దక్షిణ సోంగ్ రాచపాత్రల మట్టిలో ఇనుము ఎక్కువ. గ్లేజు జారి పలచబడిన అంచు వద్ద ఊదా నీడ, గ్లేజు లేని పాదం వద్ద నల్లగోధుమ వలయం కనిపిస్తాయి. పొగలో నల్లబడిన మట్టి చల్లారేటప్పుడు గాలి తగిలి మళ్లీ తుప్పురంగు తెచ్చుకోవడం వల్ల ఆ పాదం ఏర్పడింది. ఆక్సీకరణంలో ఆ మార్పుకు చోటు లేదు. ఆ రూపం కావలసినవాళ్లు పాదం మీద ఇనుము ఆక్సైడు నీళ్లను కుంచెతో పూసి, అంచును తడిగుడ్డతో తుడిచి గ్లేజును పలచబరిచి, 1220 డిగ్రీలకు కాలుస్తారు.